కత్తిరించిన సాక్ష్యం

"చీర కాస్త కిందికి లాక్కో మమ్మీ, పాదాలు కనపడుతున్నాయ్" అన్నాడు శాంతికుమార్, ఫోను వెనకాల ఒక కన్ను మూసుకుని.

మార్త స్టూలు మీద కూర్చుని వావిలాకు దూస్తోంది. ఒళ్ళో రొట్ట, ముందు చాట. చేతులు రెండూ ఆకు పసరుతో పచ్చగా ఉన్నాయి. ఆ చేతులతో చీర లాక్కుంటే మరక పడుతుంది. మోచేత్తో మోకాళ్ళ మీది చీరను కిందికి నెట్టుకుంది.

"తలమీద కొంగు కూడా సరిగ్గా వేసుకోమనరా. సంఘంలోవాళ్ళు చూస్తారు" అని హాల్లోంచి ఏసురత్నం అన్నాడు. రైల్వే ఆఫీసులో ఉద్యోగం విరమించి చాలా ఏళ్ళయినా, ఆయన ఇప్పటికీ హాల్లోంచే ఇల్లు నడుపుతాడు.

"వీడియోలో ముఖం ఉండాలి, చేతులుండాలి. కాళ్ళక్కర్లేదు" అన్నాడు కొడుకు. "ఇప్పుడు నువ్వేదో ఒకటి మాట్లాడు మమ్మీ. న్యాచురల్‌గా."

కాళ్ళనొప్పుల నూనె అమ్మేవాడికి కాళ్ళక్కర్లేదట. మార్తకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. దాని బదులు చాలా రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగింది. "నేను మాట్లాడిందాంట్లో ఎంత ఉంచుతావురా?"

"మంచిదుంచుతా. మిగతాది కట్."

"కట్ చేసింది ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికి పోద్ది మమ్మీ? పోతుందంతే" అని నవ్వాడు శాంతికుమార్. "ఈ వయసులో నీకెందుకీ డౌట్లన్నీ?"

వయసుతో పని లేదు. మార్తకు చిన్నప్పటినుంచీ అదే జబ్బు. అయిదో తరగతితో బడి మాన్పించారు. పెళ్ళయి బాపట్ల వైపునుంచి సికింద్రాబాదు వచ్చాక ఆమెకు దొరికిన చదువల్లా మోండా మార్కెట్ పొట్లాలు. కందిపప్పు డబ్బాలో పోసి, పొట్లం కాగితాన్ని చేత్తో సాపు చేసి, పొయ్యి దగ్గర నిలబడి చదివేది. పత్రికలో కథ, పరీక్ష జవాబు కాగితం, ఎవరి పెళ్ళికార్డో, కోర్టు నోటీసో, ఏదైనా సరే. "పొట్లం కాగితాలు చదివి ప్లీడరువవుతావా?" అని ఏసురత్నం ఎగతాళి చేసేవాడు. ఆమె బాధ ప్లీడరీ కాదు. ప్రతి కాగితం ఎక్కడో ఒకచోట చిరిగి ఉండేది. ఆ అమ్మాయి రైలెక్కిందా లేదా, ఆ ముద్దాయి నేరం చేశాడా లేదా, చిరిగినచోట ఆగిపోయేది. వంట చేస్తూ, బట్టలుతుకుతూ, ఆ చిరిగిపోయిన సగంలో ఏముండి ఉంటుందా అని ఆలోచించేది. మనుషులు వెళ్ళిపోయినప్పుడూ ఆమెకు అలాగే ఉండేది. ఎవరైనా గేటు దాటి వెళ్తుంటే మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తుంది. వాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరగకపోతే ఆ రోజంతా అన్నం సయించదు.

వావిలాకు నూనె ఆమె తల్లిది. ఆకు దంచి, రసం తీసి, నువ్వుల నూనెలో వెల్లుల్లీ వామూ వేసి, చిటపటలు పూర్తిగా ఆగేదాకా సన్నటి సెగమీద కాచాలి. ఆ తల్లి నాట్లేసి నడుములు పట్టేసిన ఆడవాళ్ళకు ఊరికే పోసి పంపేది. పనిచేసే కంపెనీ మూతబడి శాంతికుమార్ ఇంట్లో కూర్చున్న రోజుల్లో, కోడలు ప్రిసిల్లా ఆ నూనె గురించి సరదాగా ఫోనులో నాలుగు ముక్కలు రాసింది. ఎవరో కావాలన్నారు, ఇంకెవరో కావాలన్నారు. చూస్తుండగానే 'మార్తమ్మ నూనె' అని ఒక పేజీ పుట్టింది. సీసా మీద మార్త బొమ్మ. నూనె కాచేది మార్త. సీసాలు కడిగి, ఆరబెట్టి, నింపి, కాగితాలంటించి, డబ్బాల్లో సర్ది, పేజీలో రాతలు రాసేది ప్రిసిల్లా. వ్యాపారం ఎవరిదని అడిగితే ఏసురత్నం "మా అబ్బాయిది" అంటాడు. అందులో తప్పేముందో మార్తకూ చాలాకాలం తోచలేదు. జుట్టులోంచి, దిండులోంచి, ఆఖరికి మందిరానికి కట్టుకెళ్ళే తెల్లచీరలోంచి కూడా వెల్లుల్లి వాసన పోవడం లేదని మాత్రం దిగులుగా ఉండేది.

మర్నాడు ఆకు కొనడానికి మోండా మార్కెట్‌కి వెళ్ళింది. ఆకులమ్మే ఆమె ఎప్పటిలా కట్ట అందించబోయి, ఆగి, ముఖంలోకి చూసింది.

"అమ్మా, గా నూనె అమ్మ నువ్వేనా? ఇన్ని దినాల సంది ఆకు కొంటున్నవ్, ఒక్క మాట చెప్పలే!"

"ఏ నూనె?"

"ఏ నూనె అంటవేందీ! మంచం మీదికెళ్ళి లేసి నడిసినవ్ గదా, నూనె రాసుకొని? మా బిడ్డ ఫోన్ల చూసి ఏడ్సింది. మా అత్తకు సుత తెప్పిచ్చినం."

"నూనె రాసుకుని నేను నడిచానా?"

"నువ్వే చెప్తివి గదమ్మా!" అని ఆమె ముల్లె కిందినుంచి ఫోను తీసి, ఆకుల తడిని చీరకు తుడుచుకుని, వెతికి చూపించింది.

మార్త కళ్ళజోడు పెట్టుకుంది. ముందు కిటికీని గుర్తుపట్టింది. మందిరంలో, స్త్రీల కూటం జరిగే గదిలో, ఎడమవైపు కిటికీ. దాని ముందు తెల్లచీరలో తనే. మంగళవారం మధ్యాహ్నం కూటంలో తాను సాక్ష్యం చెప్పిన రోజు. కూటమంటే ఆడవాళ్ళే ఉంటారు. దేవుడు తమకు చేసిన మేలేదో ఒక్కొక్కరూ లేచి నిలబడి చెప్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్తారు, ఎందుకంటే అక్కడ వినేది తోటి ఆడవాళ్ళొక్కరే కాదు, దేవుడు కూడా.

ఫోనులోని మార్త అంది: "నేను మంచం దిగలేకపోయాను. నా కాళ్ళు నావి కావనిపించింది." కంటికి కనపడనంత చిన్న కుదుపు. "ఇవాళ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచొచ్చి ఈ గుమ్మం ఎక్కాను." ఆ వెంటనే సంగీతం. సీసా. 'మార్తమ్మ సాక్ష్యం, మార్తమ్మ నూనె.'

"మళ్ళీ ఒకసారి పెట్టమ్మా" అంది మార్త.

రెండోసారి ఆమె మాటలు వినలేదు. ఆ కుదుపునే చూసింది. పొట్లం చింపినచోటు కనిపెట్టడం ఆమెకు అలవాటే. తాను రెండు మాటల మధ్య ఏం చెప్పిందో జ్ఞాపకం తెచ్చుకుంది. మోకాలు అరిగిపోయిందని, ఆపరేషన్ తప్పదని చెప్పిన డాక్టరమ్మ గురించి చెప్పింది. ఆపరేషన్ తర్వాత రోజూ ఇంటికొచ్చి, ఏడిపించి, తిట్టి, కాలు వంపించిన ఫిజియోథెరపీ పిల్ల గురించి చెప్పింది. వంతులేసుకుని గంజి తెచ్చిన కూటం ఆడవాళ్ళ గురించి చెప్పింది. బల్ల మీద కూర్చోబెట్టి చంటిపిల్లకు పోసినట్టు నీళ్ళు పోసిన ప్రిసిల్లా గురించి అందరికంటే ఎక్కువగా చెప్పింది. ఇంతమంది ఆడవాళ్ళు, ఇంత చాకిరీ, అన్నీ పోయాయి. ఆ చిన్న కుదుపులో ఇమిడిపోయాయి. వాళ్ళ స్థానంలో ఒక సీసా వచ్చి కూర్చుంది.

ఆకు కట్ట తీసుకోకుండానే ఇంటికొచ్చేసింది.

ప్రిసిల్లా వంటింటి గచ్చు మీద కూర్చుని సీసాలకు మూతలు బిగిస్తోంది. మార్త ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. కింద కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టం.

"అమ్మాయ్, మందిరంలో నేను చెప్పిన సాక్ష్యం మన పేజీలోకెట్లా వచ్చింది?"

ప్రిసిల్లా చేతిలో మూత ఆగింది. లాక్‌డౌన్ రోజుల్లో మొదలైన లైవ్‌ని ఇప్పటికీ కూటం తరఫున చూసుకునేది ఆ పిల్లే. వీడియోలన్నీ ఆమె దగ్గరే ఉంటాయి.

"నేనే తీసిచ్చాను అత్తమ్మా. కట్ చేసింది కూడా నేనే."

"నీ పేరు నువ్వే కోసుకున్నావా?"

"ఎక్కడ కట్ చెయ్యాలో ఆయన చెప్పారు" అంది ప్రిసిల్లా మెల్లగా. "నా గురించి చెప్పిందంతా తీసేసేటప్పుడు మూడుసార్లు విన్నాను. అంతవరకూ ఎవరూ నా గురించి అట్లా చెప్పలేదు."

కోపం రావలసిన చోట మార్తకు ఆరా పుట్టింది. ఇదంతా ఎట్లా జరుగుతుంది? ఎవరు ఎవర్ని అడగాలి? అడక్కుండా ఒక మనిషి ముఖం తీసుకోవచ్చా? దీనికేమైనా పద్ధతుంటుందా? ఒకదాని వెంట ఒకటి అడిగింది. ప్రిసిల్లా కూడా ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నదానిలా చెప్పుకొచ్చింది. ఇంట్లోంచి వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళకు ఆన్‌లైన్‌లో ఒక క్లాసు పెట్టారట, ఆమె చేరిందట. ఎవరి ముఖం వాడినా, మాట వాడినా వాళ్ళని అడగాలట. మెచ్చుకుంటున్నది సొంత ఇంట్లోవాళ్ళయితే ఆ సంగతి అందరికీ కనపడేట్టు రాయాలట. ఒకచోట చెప్పిన మాట మధ్యలో కోసి అర్థం మారిస్తే అది మోసం కిందికే వస్తుందట. జబ్బు నయమవుతుందని రాస్తే అది నూనె కాదు మందవుతుంది, మందుకు లైసెన్సు కావాలి, దానికి చట్టాలున్నాయట.

"ఇవన్నీ వాడికి చెప్పావా?"

"చెప్పాను. 'మీ మేడమ్‌కి జీతమొస్తుంది, మనకు ఆర్డర్లు రావాలి' అన్నారు."

"చూసినవాళ్ళు ఏమన్నా రాస్తారా దానికింద?"

"రాస్తారు" అని ప్రిసిల్లా ఫోను ఆమె చేతికిచ్చింది. ఇచ్చి, తల వంచుకుంది. "చదవండి. మీరు చదవాలి."

మార్త వేలితో పైకి తోసుకుంటూ చదివింది. దండాలు, పువ్వులు, రేటెంత అన్నవాళ్ళు. వాటి మధ్యలో ఒక పెద్ద మాట, చుక్కా విరామం లేకుండా:

"మార్తక్కా నేను జ్ఞానమణిని బొల్లారం ఉంటున్న నీ సాక్ష్యం విన్న సన్నిధిల నిలబడి నువ్వు అబద్ధం చెప్పవు నాకు మోకాలు ఆపరేషన్ డేటిచ్చిండ్రు భయమైతుండె నువ్వు నూనెతోనే లేసినవని విని వద్దని చెప్పిన నా నంబరు గిది ఒక్కసారి ఫోన్ చెయ్యక్కా"

దాని కింద మార్త బొమ్మతో జవాబు: "వందనాలు సిస్టర్. రోజుకు రెండుసార్లు మర్దన చేయండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక. మీ మార్తమ్మ."

జ్ఞానమణి. రైల్వే క్వార్టర్స్‌లో గోడకవతల ఉండేది. ఆ గోడమీదుగా ఎన్ని గిన్నెలు చేతులు మారాయో, ఎంతమంది చంటిపిల్లలు చేతులు మారారో. సంఘం కమిటీ ఎన్నికల్లో ఖజాంచి పదవికి ఏసురత్నం, జ్ఞానమణి భర్త రోనాల్డ్ పోటీపడ్డారు. ఇద్దరు మగవాళ్ళు ఒక కుర్చీ కోసం తగువులాడుకుంటే, ఇద్దరాడవాళ్ళ మధ్య గోడ నిజంగానే గోడగా మారింది. వాళ్ళు బొల్లారం వెళ్ళిపోయి అక్కడి మందిరంలో చేరారు. సామాను లారీ కదిలేటప్పుడు మార్త గేటు దాకా వచ్చింది. "లోపలికి రా" అన్నాడు ఏసురత్నం. వెళ్ళింది. జ్ఞానమణి వెనక్కి తిరిగి చూసిందో లేదో ఇన్నేళ్ళుగా తెలియదు. ఆమె బతుకులో అన్నిటికంటే పెద్ద చిరుగు అదే. రోనాల్డ్ పోయినప్పుడు కూడా ఏసురత్నం "మనం వెళ్ళక్కర్లేదు" అన్నాడు.

అంతకాలం తర్వాత ఆ మనిషి "ఫోన్ చెయ్యక్కా" అని పిలిస్తే, తన పేరుతో ఎవరో "మర్దన చేయండి" అన్నారు.

"ఈ జవాబు రాసింది ఎవరు?"

ప్రిసిల్లా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకేం అడగనక్కర్లేదు.

మార్త అప్పుడే ఆ నంబరుకు ఫోన్ చేసింది. గొంతు మారలేదు, కాస్త బరువెక్కిందంతే.

"జ్ఞానమణీ, నేను మార్తని. ఆ నూనె నమ్ముకుని ఆపరేషన్ మానకు. నేనట్లా చెప్పలేదు."

"ఎవలు మాట్లాడేది? మార్తక్క నాకు జవాబిచ్చింది. రోజుకు రెండుసార్లు రుద్దుమన్నది."

"అది నేను కాదే."

"గది నువ్వు కాకపోతే, గిది నువ్వేనని నేనెట్ల నమ్మాలె?" గొంతులో పాత పౌరుషం లేచింది. "నువ్వే అయితే, మీ ఆయన పక్కన నిలబడి చెప్పమన్నడా? మాకు నూనె అమ్మడం సుత ఇష్టం లేదా ఆయనకు?" అని పెట్టేసింది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక భోజనాల దగ్గర మార్త సంగతి తీసింది. మాంసం కూర వడ్డిస్తూ, తన మామూలు గొంతుతోనే అంది. "శాంతీ, ఆ సాక్ష్యం తీసెయ్యాలిరా."

"ఏ సాక్ష్యం? ఓ, అదా? మమ్మీ, మన పేజీలో ఎక్కువమంది చూసిందే అది!"

"నేను నూనెతో లేవలేదు. ఆపరేషన్‌తో లేచాను."

"నూనె రాయలేదా మరి? రోజూ రాసుకున్నావ్ గదా. అబద్ధమెక్కడుంది? నువ్వన్న మాటలే కదా అన్నీ. ఒక్క ముక్క మేం కలపలేదు."

"కలపలేదు. తీశారు."

"అందరూ చేస్తారు మమ్మీ. కింద రాశాం కూడా, చూసుకో" అని ఫోను ముందుకు జరిపాడు. సీసా బొమ్మ అడుగున చీమల బారులా ఏదో ఉంది. మార్త లోపలికి వెళ్ళి బైబిలు వాక్యం చదువుకునే భూతద్దం తెచ్చుకుంది. కూర చల్లారుతోందని ఏసురత్నం విసుక్కున్నాడు. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివింది: "'ఫలితాలు మనిషి మనిషికీ మారవచ్చు.' ఇంత చిన్నగా రాస్తే మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కనపడుతుందట్రా? మా వయసువాళ్ళకు కళ్ళు బాగుంటాయనుకున్నావా?"

ప్రిసిల్లా పెదవి కొరుక్కుంది. శాంతికుమార్‌కు కూడా నవ్వు రాబోయి ఆగింది.

"నన్నడిగితే ఈ గొడవ ఉండేది కాదుగా" అంది మార్త.

"నన్నడిగాడు" అన్నాడు ఏసురత్నం, ఎముక పక్కన పెడుతూ. "సరేనన్నాను. కొడుకు వాడు, నువ్వు తల్లివి. తల్లి బొమ్మ వాడుకోవడానికి కాగితాలు రాసుకుంటారా? నీ తరఫున నేను చెప్తే చాలదూ?"

ఆ మాట మార్తకు కొత్త కాదు. రేషన్ కార్డు దగ్గరా, బ్యాంకు దగ్గరా, కోడల్ని చూసొచ్చినప్పుడూ, జ్ఞానమణి లారీ దగ్గరా, రోనాల్డ్ పోయినప్పుడూ, ఎప్పుడూ ఆయనే చెప్పాడు. ఆమె తరఫున చెప్పాడు. కానీ మందిరంలో లేచి నిలబడినప్పుడు మాత్రం ఎవరూ తన తరఫున చెప్పలేదు. బతుకంతా కలిపి ఆమె సొంత గొంతుతో మాట్లాడే చోటు అదొక్కటే. ఇప్పుడు దానికి కూడా ఆయన సరేనన్నాడు.

"జ్ఞానమణి ఆపరేషన్ మానేసిందండీ, అది చూసి."

ఆ పేరుకు ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఆవిడ కాలు, ఆవిడిష్టం. మనకెందుకు?" అన్నాడు. "పెరుగు తే."

మార్త పెరుగు తెచ్చింది.

మర్నాడు పొద్దున్న ఎవరితోనూ చెప్పకుండా సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలెక్కింది. సికింద్రాబాద్‌లో దిగి, పోర్టర్ని అడిగి, బొల్లారం వెళ్ళే రైలు ప్లాట్‌ఫారం కనుక్కుంది. మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు లాగింది, భయం అంతకంటే ఎక్కువగా లాగింది. తలుపు మూసేస్తే ఏం చెయ్యాలి? గుర్తుపట్టకపోతే? కిటికీలోంచి మౌలాలి గుట్టలు ఎటో వెనక్కి పోతుంటే, ఇంత దగ్గర ఊరికి రావడానికి ఇన్నేళ్ళు పట్టిందేమిటా అని విస్తుపోయింది. జ్ఞానమణి ఫోనులో ఇల్లెక్కడో చెప్పకపోయినా, అక్కడి మందిరం పేరు చెప్తే ఆటో అబ్బాయి సరాసరి తీసుకెళ్ళాడు. మందిరం వాచ్‌మన్ ఇల్లు చూపించాడు.

గేటు దగ్గరే ఆమెకు తన నూనె వాసన తగిలింది. వరండాలో నవారు మంచం మీద జ్ఞానమణి కూర్చుని ఉంది. కుడి మోకాలు గుమ్మడికాయలా వాచి, నూనెతో నిగనిగలాడుతోంది. పక్కన నాలుగు కాళ్ళ వాకరు. మంచం పట్టీ మీద మార్త బొమ్మ ఉన్న సీసా.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"ముసలిదానివైనవ్" అంది జ్ఞానమణి.

"నువ్వేమన్నా పెళ్ళికూతురిలా ఉన్నావా?"

"ఫోన్ల నువ్వేనా మాట్లాడింది?"

"నేనే."

"కొత్త నంబరు, ఏం తెలుస్తది? పేజీల అయితే నీ ముఖం ఉన్నది, నమ్మిన" అని జ్ఞానమణి కళ్ళు తిప్పుకుంది. "డాక్టరు జల్దీ చేయించుకొమ్మన్నడు. ఇంక ఆగితే కాలు వంకరబోతదట, నడక బందేనట. మా బిడ్డ నన్ను తిట్టి తిట్టి అలిసిపోయింది. నేనేమన్ననో తెలుసా? మార్తక్క అబద్ధం చెప్పదన్న. మీ ఆయనను నమ్మనుగాని నిన్ను నమ్ముత గదా."

దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మార్త పక్కన పెట్టింది. వీధిలో ఎవరో వెళ్తున్నారు, ఎదురింటి అరుగు మీద ఎవరో ఉన్నారు. ఆమె మంచం అంచున కూర్చుని, చీరా లోపలి పావడా కలిపి పట్టుకుని, మోకాలి పైదాకా ఎత్తింది. మోకాలి చిప్ప మీద పైనుంచి కిందికి నిలువుగా, అటూ ఇటూ కుట్ల చుక్కలతో, జెర్రిలా ఒక గీత.

జ్ఞానమణి ముందుకు వంగింది. నూనె అంటిన వేలితో ఆ గీతను ఈ చివరనుంచి ఆ చివరదాకా తడిమింది.

"యేసయ్యా! గింత పొడుగు కోత పెట్టుకొని నూనెతో లేసిన అంటివా?"

"అనలేదు. నేనన్నదాంట్లోంచి తీసేశారు. ఆపరేషన్ తీసేశారు."

"ఎవలు?"

"మావాళ్ళే."

జ్ఞానమణి సీసాను ఎత్తి చూసి, దాని మూత గట్టిగా బిగించి, మంచం కింద పెట్టింది. "నొప్పి మస్తుంటదా, కోసినంక?"

ఆ ప్రశ్నలో చిన్నపిల్ల భయం ఉంది. మార్త ఆమె చెయ్యి పట్టుకుంది. ఎంత నొప్పి, ఎక్కడ నొప్పి, మొదటి అడుగు వేసేటప్పుడు ఎవరిని తిట్టుకుంది, ఎప్పటికి మానింది, అన్నీ చెప్పింది. ఒక్కటీ దాచలేదు. జ్ఞానమణి అడుగుతూ పోయింది, ఆమె చెప్తూ పోయింది. చాయ్ వచ్చింది, చల్లారింది, మళ్ళీ వచ్చింది.

"సరే. డేటు మళ్ళ అడుగుత" అంది చివరికి జ్ఞానమణి. "నాకంటే నువ్వొచ్చి బట్ట ఎత్తి చూపించినవ్. మిగిలినోళ్ళో? ఎంతమంది చూసిండ్రో గా వీడియో. ఇంటింటికి పోతవా గిట్ల?"

మార్తకు ఆకులమ్మే ఆమె అత్త గుర్తొచ్చింది. పువ్వులూ దండాలూ పెట్టినవాళ్ళంతా ముఖాలు లేకుండా గుర్తొచ్చారు. వాళ్ళెవరూ నంబరు రాసి పెట్టలేదు.

వెళ్ళేటప్పుడు జ్ఞానమణి వాకరు పట్టుకుని గేటుదాకా వచ్చింది, వద్దంటే వినలేదు. మార్త మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. జ్ఞానమణి అక్కడే నిలబడి ఉంది. "పోక్కా, మళ్ళ రా!" అని కేకేసింది. ఆమె చెయ్యెత్తితే వాకరు ఊగింది.

మంగళవారం బయల్దేరేముందు వంటింట్లో మార్త కోడల్ని అడిగింది. "అమ్మాయ్, లైవ్ వెళ్తుంటే మధ్యలో కొయ్యడానికి ఉంటుందా?"

"ఉండదు అత్తమ్మా. ఉన్నది ఉన్నట్టే పోతుంది." ప్రిసిల్లా ఆమె ముఖంలోకి చూసింది. "ఎందుకు?"

"ఊరికే. తెలుసుకుందామని."

ఇల్లు దాటేటప్పుడు చెప్పులు వేసుకుంటూ ప్రిసిల్లా అంది, "ఆయన కూటం లైవ్ చూస్తారు అత్తమ్మా. మళ్ళీ ఏమైనా పనికొస్తుందేమోనని, ప్రతివారం చూస్తారు."

"చూడనీ" అంది మార్త.

కూటం గదిలో ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. ఎడమవైపు కిటికీ తెరిచి ఉంది. పాటయ్యాక పాస్టరమ్మ విమలమ్మ గారు "సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా?" అని అడిగారు. మందిరం వాళ్ళ ఫోను స్టాండు మీద వెలుగుతోంది, దాని వెనకాల ప్రిసిల్లా. మార్త కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచి నిలబడింది. ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో తెలియదు. కొడుకు మాట్లాడటం మానేస్తాడేమో. వ్యాపారం పోతే, కంపెనీ మూతబడినప్పటిలా వాడు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడేమో. ఇంకొక విడిపోవడాన్ని ఈ చేతులతోనే తెచ్చుకుంటున్నానేమో. ఆ భయంతోనే మొదలుపెట్టింది.

"సహోదరీలారా, నా సాక్ష్యం ఇంతకుముందు మీరు విన్నారు. మీరు మొత్తం విన్నారు. బయటివాళ్ళు సగమే విన్నారు. అందుకని ఇంకోసారి చెప్తున్నాను. నా కాలు నూనెతో బాగవలేదు. నూనె రాసుకుంటే హాయిగా ఉంటుంది, అంతే. నాకు ఆపరేషన్ చేశారు. నా వీడియో చూసి ఆపరేషన్ మానుకున్నవాళ్ళెవరైనా ఉంటే, మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నా పేరుతో మీకు వచ్చిన జవాబులు నేను రాసినవి కావు. నన్నెవరూ అడగలేదు."

గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విమలమ్మ గారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"ప్రిసిల్లా, ఫోను కాస్త కిందికి దించమ్మా."

ప్రిసిల్లా చెయ్యి స్టాండు మరమీదికి వెళ్ళి ఆగింది. ఆమె ఇంకో చేతిలో తన సొంత ఫోను మోగడం మొదలైంది, చప్పుడు లేకుండా, వణుకుతూ. దాని మీద ఎవరి పేరుందో మార్తకు అక్కడినుంచే తెలుసు. కోడలు ఆ పేరు వైపు చూసింది. అత్త వైపు చూసింది. మర తిప్పింది. ఫోను తల మెల్లగా కిందికి వాలింది, ముఖాన్నీ చేతుల్నీ దాటి, తెల్లచీర అంచు దాకా.

మార్త రెండు చేతులతో కుచ్చిళ్ళు పట్టుకుని మోకాలిదాకా ఎత్తింది.

"ఇదీ ఆపరేషన్" అంది. "ఈ కాలు కడిగి, ఎత్తి, నడిపించిన మనిషిని కూడా అప్పుడు తీసేశారు. స్టాండు వదిలేసి ఇటు రా అమ్మాయ్."

ప్రిసిల్లా ఇంకా వణుకుతున్న తన ఫోనును బెంచీ మీద బోర్లా పెట్టి, నడిచి, అత్త పక్కకు వచ్చి నిలబడింది.